మాట పూర్తయ్యేదాకా

పోయిన వారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తగానే ఒక అమ్మాయి గొంతు, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, తక్కువ వడ్డీకి లోన్ ఇస్తామని చెప్పుకుపోతోంది. ఒకప్పుడైతే మొదటి ముక్కకే కట్ చేసేదాన్ని. ఆ రోజు మాత్రం ఒక చెప్పు కాలికీ, ఒక చెప్పు చేతిలోనూ ఉండగా గుమ్మంలోనే నిలబడిపోయి, "చెప్పమ్మా, వింటున్నా" అన్నాను. అనేశాక తోచింది, ఆ మాట నాది కాదని. అది కింది వాటాలో ఉండే పిన్నిగారిది. ఆవిడ పోయి మూడు నెలలైంది.

నేను బదిలీ మీద నరసరావుపేట వచ్చి, ఆవిడ ఇంట్లో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. ఈ ఐదేళ్లలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్లని చూడలేదు. వీధి మొత్తానికీ మైకు పిన్ని. భర్త బస్సు డ్రైవరు. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోతే, ఆవిడకి బస్టాండులో విచారణ కిటికీ దగ్గర పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా ఆ చిన్న కిటికీ వెనక, ఆ వంకర మెడ మైకు ముందు కూర్చుంది. పిల్లల్లేరు. ఒక్కతే ఉండేది.

మామూలుగా మాట్లాడితే పక్క గదిలోకి కూడా వినపడని గొంతు. ఊరి పేరు చెప్పాల్సి వస్తే మాత్రం మారిపోయేది. గడ్డం కొద్దిగా పైకెత్తి, పేరుకు ముందు ఒక్క క్షణం ఆగి, "నకరికల్లు... పిడుగురాళ్ల... గురజాల... మాచర్ల" అనేది. ఎండాకాలం సాయంత్రాలు వరండాలో నవారు మంచం మీద పడుకుని, కళ్లు మూసుకుని, అడిగినవాళ్లెవరూ లేకపోయినా అలా ఒక్కో ఊరూ చెప్పుకుంటూ పోయేది. మెట్ల మీద కూర్చుని వింటుంటే నన్నెక్కించుకుని ఏదో బస్సు కదిలినట్టుండేది. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు, సున్నం బట్టీల తెల్లటి దుమ్ము, ఆ దుమ్ములోంచి చెయ్యెత్తి బస్సు ఆపుతున్న ఎవరో ఒక మనిషి. ఆవిడ మాచర్ల అని ఆగేసరికి నేనెక్కడున్నానో గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టేది.

ఊళ్లో ప్రతి లక్కీ డ్రా కూపన్ డబ్బాలోనూ ఆవిడ ఫోన్ నంబరు ఉండేది. కొత్త బట్టల షాపు తెరిచినా, ఎగ్జిబిషన్ పెట్టినా, చీటీ మీద నంబరు గుండ్రంగా రాసి డబ్బాలో వేసి వచ్చేది. ఒక్క బహుమతీ రాలేదు గాని ఫోన్లు వచ్చాయి. అమరావతి పక్కన ప్లాట్లు, క్రెడిట్ కార్డులు, మోకాళ్ల నొప్పులకు నూనె. ఫోన్ మోగితే ఆవిడ లేచి కూర్చుని, పైట సర్దుకుని, అప్పుడు ఎత్తేది.

"చెప్పమ్మా, వింటున్నా."

అవతలి అమ్మాయి మొదలుపెట్టేది. ఆవిడ తల ఊపుతూ వినేది.

"ఆగాగు తల్లీ. అంత గబగబా చెబితే జనం బస్సు తప్పిపోతారు. ప్లాటు ఏ ఊళ్లో ఉందో, ఆ ఊరి పేరు కాడ కొంచెం ఆగు. ఊ, మళ్లీ చెప్పు."

తర్వాత, నమ్మినా నమ్మకపోయినా, ఆ అమ్మాయి మళ్లీ చెప్పేది. ఈసారి నెమ్మదిగా.

"ఇప్పుడు బాగుంది. నాకు ప్లాటు వద్దులే. ఇంకోళ్లకి ఇట్టా చెప్పు, కొంటారు. పొద్దున్నించి ఏమన్నా తిన్నావా? ఏ ఊరు తల్లీ మీది?"

నాకు నవ్వొచ్చేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మీకూ టైం వేస్టు, వాళ్లకీ టైం వేస్టు. కట్ చేసెయ్యొచ్చుగా పిన్నిగారూ?"

"కిటికీ కాడికొచ్చిన మనిషి అడగడం పూర్తి కాకముందే మొహం తిప్పుకుంటే ఎట్టా అమ్మాయ్? బస్సు లేదని చెప్పాల్సొచ్చినా సరే, విన్నాక చెప్పాల" అంది.

మోసగాళ్ల ఫోన్లు కూడా అంతే. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని, మెసేజీలో వచ్చిన అంకెలు చెప్పమని ఒకడు బతిమాలుతూ బెదిరిస్తూ పోతుంటే, చివరిదాకా విని, "అయి నీకు చెప్పను నాయనా. ఎవరికీ చెప్పగూడదంట. నీ ఎనకాల ఫ్యాను తెగ కొట్టుకుంటంది, బేరింగు పోయినట్టుంది. చూపించుకో" అంది. వాడు ఠక్కున పెట్టేశాడు. ఆవిడ ఫోన్‌కేసి చూసి, "పెట్టేశాడు" అంది. ఆ గొంతులో నిజంగా కాస్త చిన్నబోవడం ఉంది.

ఇంకో సంగతి, ఆవిడ చెవి. గుమ్మం బయట నిలబడి ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడితే చాలు, లోపలినుంచే, "కూరలబ్బాయిది గురజాల అవతల" అనేది. వెళ్లి అడిగితే నిజమే. ఎలా తెలుస్తుందంటే చెప్పలేకపోయేది. "అంతమంది అడిగారు గదా నన్ను, ఎట్టా పోవాలని. పోవాల్సిన ఊరి పేరు మనిషి మామూలుగా పలకడమ్మాయ్. అది చెవిలో ఉండిపోయిద్ది" అని మాత్రం అంది.

మోసగాళ్ల ఫోన్ నాకూ ఒకటి వచ్చింది, ఒక వానాకాలం, సెలవు రోజు పొద్దున. నా పేరు మీద విదేశానికి వెళ్లే పార్సిల్‌లో పెట్టకూడనివేవో దొరికాయని ఒక అమ్మాయి తెలుగులో చెప్పింది. నా పేరు, కాలేజీ పేరు, ఆధార్ అంకెలు అన్నీ సరిగ్గా చదివింది. తర్వాత వీడియోలో యూనిఫాం వేసుకున్న ఒకాయన వచ్చాడు. హిందీలో మాట్లాడాడు. నాకు హిందీ అంతంతమాత్రం కావడంతో ఆ అమ్మాయే లైన్లో ఉండి తెలుగులో చెబుతూ వచ్చింది. కెమెరా ముందు నుంచి లేవొద్దన్నారు. ఎవరితో మాట్లాడితే వాళ్లూ కేసులో ఇరుక్కుంటారన్నారు. విచారణ అయ్యేదాకా నా డబ్బంతా వాళ్లు చెప్పిన ఖాతాలోకి పంపాలన్నారు.

పరీక్ష పేపర్లో చిన్న తప్పును కూడా వదలని దాన్ని నేను. అయినా కుర్చీలో అలా కూర్చుండిపోయాను. ఆ మూడు గంటలూ ఇప్పుడు తలుచుకుంటే నీళ్ల అడుగు నుంచి చూసినట్టే ఉంటాయి. గోడ మీద ఎండ పాకుతోంది. ఎక్కడో నీళ్లు పడుతున్నాయి. వాన అనుకున్నాను. ఎండ ఉండగా వానేమిటని కూడా అనుకున్నాను. అంతకు మించి ఆలోచన సాగలేదు.

అది వాన కాదు, నేను ఆపడం మరిచిన మోటారు; దాని స్విచ్చు నా వాటాలోనే ఉంది. ట్యాంకు నిండి సజ్జ మీదుగా నీళ్లు ధారలు కడుతున్నాయి. పిన్నిగారు కిందినుంచి రెండుసార్లు పిలిచి, నేను పలక్కపోయేసరికి మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలోంచి నన్ను చూసింది. నేను కళ్లతోనే వెళ్లిపొమ్మన్నాను. ఆవిడ వెళ్లలేదు. కెమెరాకు కనపడకుండా గోడవారన మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని వింది.

"పన్నెండు లోపల పంపకపోతే మీ ఇంటికి పోలీసులొస్తారంటున్నారండీ" అంది ఫోన్లో అమ్మాయి.

పిన్నిగారు కళ్లు తెరిచింది. గడ్డం పైకెత్తింది.

"అమ్మాయ్, నీది నూజెండ్ల పక్కన గదా?"

ఆ గొంతు బస్టాండు మొత్తానికీ వినపడే గొంతు. యూనిఫాం మనిషి ఎవరది, ఎవరది అని అరవడం మొదలుపెట్టాడు. అమ్మాయి తెలుగులోకి మార్చి చెప్పడం మానేసింది. ఆమె ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"నిన్నే తల్లీ. నూజెండ్ల దాటినాక ఏ ఊరు?"

అటు నుంచి సన్నటి శబ్దం ఒకటి వచ్చింది. ఏడుపో, దగ్గో. పిన్నిగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, తన జన్మలో ఎప్పుడూ చేయని పని చేసింది. అవతలి మాట పూర్తి కాకుండా పెట్టేసింది.

నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. భయానికి కాదు, సిగ్గుకి. ఆవిడ మోటారు ఆపేసి, కిందినుంచి టీ తెచ్చి, "భయపడ్డావు. భయపడినోళ్లకి ఎవరు చెప్పినా నిజమే అనిపించిద్ది. తాగు" అంది.

నాలుగు రోజుల తర్వాత పొడుగాటి విదేశీ నంబరు నుంచి ఫోన్. ఎత్తాను.

"మేడం, పెట్టెయ్యకండి. ఆ రోజు మాట్లాడారే, ఆ పెద్దామె ఉన్నారా?" గుసగుసగా అదే గొంతు.

నా ఒళ్లంతా మండింది. తిడదామనుకున్నాను. ఎందుకు తిట్టలేదో తెలియదు, కిందికి దిగి ఫోన్ పిన్నిగారి చేతికిచ్చాను. ఆ అమ్మాయి రెండు నిమిషాలు మాట్లాడిందేమో. కంప్యూటర్ ఉద్యోగమని ఏజెంటు తీసుకెళ్లాడట. పాస్‌పోర్టు లాక్కున్నారట. గేట్లకు తాళాలట. రోజుకి ఇంతమందిని భయపెట్టాలని లెక్కట, తగ్గితే దెబ్బలట. పడుకునేటప్పుడు పక్కవాళ్ల ఫోన్ ఒకటి దొరికిందట. అమ్మ నంబరు కలవడం లేదట. ఊరి పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది. "నేను బతికే ఉన్నానని చెప్పండమ్మా. నమ్మకపోతే, కుంటి గేదె ఈనిందా అని అడిగానని చెప్పండి" అంటుండగా లైన్ పోయింది.

"ఇది కూడా మోసమే పిన్నిగారూ. ఆ రోజు కుదరలేదని ఇప్పుడు ఇంకో దారి పట్టారు" అన్నాను.

"అయ్యుండొచ్చు."

"మరి?"

"పోయి చూస్తే తెలిసిద్ది. వినుకొండ బస్సెక్కి దిగితే నూజెండ్లకి ఆటోలుంటాయి."

ఆదివారం వెళ్లాం. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆవిడ ఆ ఊళ్లన్నిటికీ జనాన్ని పంపింది గాని, తను వెళ్లింది తక్కువట. కిటికీ పక్కన కూర్చుని, ఊరొచ్చినప్పుడల్లా పెదాలు కదిపి దాని పేరు తనలో తనే చెప్పుకుంది. పేరు చెప్పాక ఆ ఊరు నిజంగా అక్కడున్నందుకు ఆశ్చర్యపోతున్నట్టు చూసేది. సన్నటి జల్లు పడుతోంది. నల్లరేగడి చేలల్లో ఆడవాళ్లు మిరప నారు నాటుతున్నారు. మేము వెతుకుతున్నామె కూడా అలాంటి ఒక చేలోనే కనపడింది. బురద చేతులతో గట్టు మీదికొచ్చి, కూతురి సంగతని చెప్పగానే మొహం బిగించుకుంది.

"మళ్లీ మొదలెట్టారా? ఫోన్లలో అయిపోయింది, ఇప్పుడు మనుషులనే పంపుతున్నారా? ఎంత కావాలంట ఈసారి?"

నేను వెనక్కి తగ్గాను. పిన్నిగారు కదల్లేదు. "నాకేం వద్దమ్మా. ఒక మాట అడగమంది, అడిగి పోతా. కుంటి గేదె ఈనిందా?"

ఆమె గట్టు మీద అలాగే కూలబడింది. చేతుల్లో నారు కట్ట బురదలో పడింది.

"ఊళ్లో అందరూ చెప్పారమ్మా. పిల్లల గొంతులు పెట్టి ఏడిపించి డబ్బులు లాగుతున్నారని. ఒకనాడు పొద్దున్నే ఏందో నంబరు నించి ఫోనొచ్చింది. 'అమ్మా నేనే, అమ్మా నేనే' అని ఏడుస్తంది. నా బిడ్డ గొంతే. నా బిడ్డ గొంతుతో ఎవరో ఆడుకుంటన్నారని మండిపోయి, నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశా. నా నంబరే తీసేయించా." బురద చేతుల్తోనే మొహం కప్పుకుంది. "అది నా బిడ్డేనా అమ్మా? నా బిడ్డనేనా నేను తిట్టింది?"

పిన్నిగారు ఆమె పక్కన తడి గట్టు మీద కూర్చుంది. ఆ తల్లి అదే మాట ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ కొత్తగా విన్నట్టే వింది. వాన ఆగింది, మళ్లీ పడింది. నాటేవాళ్లు వరసలు పూర్తి చేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ముగ్గురం పోలీసుల దగ్గరికి వెళ్లాం. అలాంటి ఫిర్యాదులు ఇంకొన్ని వచ్చాయని, పేర్లన్నీ పైకి పంపుతామని రాసుకున్నారు. ఆ తర్వాత ఎదురుచూడటమే. పిన్నిగారు ప్రతి రోజూ ఆ తల్లికి ఫోన్ చేసేది. కబురేమీ ఉండదు. ఇద్దరూ గేదె గురించో, వాన గురించో మాట్లాడుకునేవాళ్లు. ఒక్కోరోజు ఏమీ మాట్లాడుకోకుండా ఫోన్లు చెవుల దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్లు. మిరప పూత పట్టి, కాయ పండి, కళ్లాలకు చేరింది. అప్పుడొచ్చింది కబురు. కొంతమందిని విడిపించి తెస్తున్నారు, అందులో ఆ అమ్మాయి పేరుంది.

పిన్నిగారు పోయినప్పటి సంగతులు రాయాలని లేదు. నిద్రలో పోయింది, అంతే. ఆవిడని తలుచుకుంటే ఆ అమ్మాయి ఇంటికొచ్చిన సాయంత్రమే కళ్లకు కడుతుంది.

తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయేమో, మనిషి పుల్లలా ఉంది. వరండాలో కూర్చోమంటే స్తంభానికి ఆనుకుని నిలబడింది. నన్ను చూసి, "మేడం, మీరే గదా" అంది. మంచినీళ్ల వంకతో లోపలికి వెళ్లి, గ్లాసు నింపి, అక్కడే నిలబడ్డాను. నా డబ్బు పోలేదు గాని పోబోయింది. ఆ గొంతు వింటే ఇప్పటికీ గోడ మీద ఎండ పాకుతున్నట్టే ఉంది.

బయట ఆ అమ్మాయి చెబుతోంది. "ఇంటికొచ్చినా నిద్ర పట్టట్లేదమ్మా. అక్కడున్నప్పుడు ఒక పెద్దాయనకి ఫోన్ చేశా. భార్య ఆపరేషన్‌కి దాచుకున్నదంతా పంపేశాడు. నన్ను అమ్మా, అమ్మా అని పిలిచాడు. ఆయన నంబరు మర్చిపోదామన్నా పోవట్లా."

"చెయ్" అంది పిన్నిగారు.

"ఏం చెప్పాలి?"

"నువ్వెవరో చెప్పు. తర్వాత ఆయన చెప్పేది విను. ఆయన మాట పూర్తయ్యేదాకా పెట్టెయ్యబాక."

నేను గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేసరికి ఆ అమ్మాయి ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడి ఉంది. తనెవరో చెప్పింది. ఎక్కడి నుంచి చేసిందో, ఏం చేసిందో చెప్పింది. ఆ తర్వాత ఆయన మొదలుపెట్టాడు. మాటలు మాకు తెలియడం లేదు, గొంతు మాత్రం వినపడుతోంది. పెద్దగా, పగిలినట్టుగా. తల్లి లేవబోతే పిన్నిగారు చెయ్యి పట్టుకుని ఆపింది. ఎండ వరండా మెట్టు దిగి వాకిట్లోకి జారింది. ఆయన తిడుతూనే ఉన్నాడు. దగ్గొచ్చి ఆగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, ఎవరండీ, ఎవరితో, అని అడగడం లీలగా వినిపించింది. అది విని ఆ అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. "అవునండీ" అంటోంది. "తప్పేనండీ" అంటోంది. ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంది గాని కింద పెట్టలేదు.

చివరికి ఆ గొంతు అలిసిపోయింది. ఊపిరి ఒక్కటే మిగిలింది. ఆ అమ్మాయి కాసేపు విని, మా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"రేపు మళ్లీ చెయ్యమంటున్నారు. ఇంకా ఉందంట."

"ఎన్నింటికో అడుగు" అంది పిన్నిగారు.

"ఎన్నింటికి చెయ్యమంటారండీ?" అడిగింది. విని తల ఊపింది. "పదింటికి. సరేనండీ. చేస్తానండీ."

అటు పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నిలబడింది. నేను గుమ్మం దాటి ఆమె దగ్గరికి వెళ్లాను.

"మంచినీళ్లు తాగమ్మా" అన్నాను.

రెండు చేతులతో గ్లాసు అందుకుని, ఆపకుండా మొత్తం తాగింది.